బిమ్లిపటం సుందరికి వన్స్‌మోర్

బిమ్లిపటంలో ఒంటెలు ఉండవని సృజన చెప్పి చెప్పి మానేసింది. మంచు కొండలు ఉండవని కూడా చెప్పింది. అదీ మానేసింది. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలోని ఆ పాత హాల్లో స్టేజీ వెనక వేలాడుతున్న తెర మీద మాత్రం ఒంటెలున్నాయి, మంచు కొండలున్నాయి, వాటి మధ్య కొబ్బరిచెట్లు, ఒక గోపురం, గోపురానికి ఆనుకుని ఒక గుమ్మటం ఉన్నాయి. లేనిది సముద్రమొక్కటే. బిమ్లిపటమంటే తెల్లదొరల నోట్లో పడి నలిగిన మన భీమునిపట్నమే. అక్కడ పుట్టి, కిటికీ తీస్తే కెరటాల చప్పుడు వినబడే ఇంట్లో పెరిగిన సృజన ఇప్పుడు ఆ తెర ముందు నెమలీకల విసనకర్ర పట్టుకుని దాసీ వేషంలో నిలబడి ఉంది.

నాటకం పేరు ‘ద బెల్ ఆఫ్ బిమ్లిపటం’. అంటే బిమ్లిపటం సుందరి. నూరేళ్ళు దాటిన ఇంగ్లీషు సంగీత హాస్య నాటకం. రాసినవాడు లండన్ పొలిమేర దాటి ఎరగడు. మ్యాపులో ఏదో రేవు పేరు కనబడింది, నోటికి గమ్మత్తుగా తగిలింది, అంతే. గోగునార వ్యాపారం చేసే దొరగారి కూతురు వయొలెట్, ఓడ మీద వచ్చిన లెఫ్టినెంటుని ప్రేమిస్తుంది. అతని ప్రేమ నిజమో కాదో తేల్చుకోవడానికి చీర కట్టుకుని దేశపు పిల్లలా మారువేషం వేస్తుంది. చీర కట్టేసరికి కన్నతండ్రి కూడా ఆమెను గుర్తుపట్టడు. ఒంటె మీద వచ్చిన రాజావారు మనసు పారేసుకుంటాడు. చివరికి చీర పోయి గౌను రాగానే అందరికీ కళ్ళు తెరుచుకుంటాయి, పెళ్ళి జరిపిస్తారు. ఈ తెలివికి ఇరవై పాటలు!

ఆ రోజుల్లో లండన్ కంపెనీ ఓడెక్కి వచ్చి మెల్‌బోర్న్‌లో దీన్ని ఆడితే జనం విరగబడి చూశారట. ఆ తర్వాత ఎప్పుడో యాభైల్లో ఈ వెర్రిబీ నాటక సంఘంవాళ్ళే మళ్ళీ ఆడారు. అప్పటి ఫోటో హాలు ముందుగదిలో ఉంది. మన రంగు రావడానికి మొహాలకు బూటు పాలిష్ పూసుకున్న తెల్ల ఆడవాళ్ళు వరసగా నిలబడి నవ్వుతున్నారు. ఈ ఏడు పాత నాటకాల సీజన్ అని మళ్ళీ మొదలుపెట్టగానే ఆ ఫోటో మీద అగ్నిప్రమాద సూచనల కాగితం అంటించారు. ఈసారి పాలిష్ లేదు. పాలిష్ బదులు సృజన ఉంది. ప్రోగ్రాం పుస్తకంలో ఆమె పేరు పక్కన ‘సాంస్కృతిక సలహాదారు’ అని వేశారు. సలహా అంటే కోరస్ ఆడవాళ్ళకు చీరలు కట్టడం.

ఇదంతా ఆమె భరించింది ఒకే ఒక్క పాట కోసం. రెండో అంకంలో రేవు దగ్గర దాసీ ఒంటరిగా పాడే పడవ పాట. మాటలు చెత్త. ‘చిన్నారి బిమ్లి పడవా, నా దొరను తెచ్చి ఇవ్వవా’ అనే ధోరణి. కానీ బాణీ బంగారం. మూడు చరణాలు కింద కిందనే మెసిలి, చివర ఒక్క స్వరం పైకి లేచి అక్కడే నిలబడుతుంది. మూడేళ్ళుగా కోరస్‌లో వెనక వరసలో నిలబడి పరాయి పాటలకు వంతపాడిన సృజనకు మొదటిసారి లైటు తన ఒక్కదాని మీద పడే పాట. పగలు పళ్ళ క్లినిక్‌లో పరాయి నోళ్ళలోకి తొంగిచూస్తూ కూడా ఆ పాటే పాడుకునేది.

మంగళవారం రిహార్సల్లో డైరెక్టర్ రస్సెల్ ఆ పాట తీసేసుకున్నాడు.

రస్సెల్ రిటైరైన డ్రామా మాస్టారు. హాల్లో హీటరు మండుతున్నా మెడలో మఫ్లరు తియ్యడు. సృజన పేరును ‘స్రజానా’ అంటాడు, అలా అంటూ తను చాలా కష్టపడుతున్నట్టు మొహం పెడతాడు.

“స్రజానా, లవ్, రెండో అంకం సాగుతోంది,” అన్నాడు ఇంగ్లీషులో. “జనం వచ్చేది వయొలెట్ కోసం. దాసీ బాధతో వాళ్ళకేం పని? ఆ పాట వయొలెట్ పాడితే గుండె పిండేస్తుంది. నువ్వు పక్కనే ఉంటావు, విసురుతూ.”

వయొలెట్ వేషం లియాన్‌ది. లియాన్ ఇళ్ళు అమ్మే ఏజెంటు. సృజన ఉండే టార్నీట్ పేటలో బస్‌స్టాపుల బెంచీల మీద ఆమె నవ్వుమొహం అచ్చువేసి ఉంటుంది. జనం రోజూ వచ్చి ఆ మొహం మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తారు. తెర కుట్టించింది ఆమె కంపెనీ, ప్రోగ్రాం పుస్తకం అచ్చు వేయించింది ఆమె కంపెనీ. ఆమె ఏదో అనబోయింది. రస్సెల్ చెయ్యెత్తి ఆపి, “నీ వినయం నాకు తెలుసు, డార్లింగ్,” అన్నాడు.

పియానో దగ్గర డెనిస్ మొదలుపెట్టాడు. ముసలివాడు, కళ్ళజోడు మీదుగా చూస్తాడు తప్ప అద్దాల్లోంచి చూడగా సృజన ఎప్పుడూ చూడలేదు. లియాన్ చరణాలు బాగానే లాక్కొచ్చింది. చివరి స్వరం దగ్గర గొంతు మెట్టు ఎక్కినట్టే ఎక్కి జారింది. ఇంకోసారి జారింది. సృజన మనసులో, ఇప్పుడేం చేస్తావయ్యా మఫ్లరు మహానుభావా, అనుకుంది. అతను చేశాడు.

“సులువు. స్రజానా, నువ్వు వెనకే ఉన్నావుగా. విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని ఆ పై స్వరం నువ్వు అందుకో. లియాన్ నోరు తెరుస్తుంది. హాల్లో ఎవరికీ తెలియదు.”

సొమ్మొకడిది, సోకొకడిది. అంతకన్నా సిగ్గుచేటు, సృజన తల ఊపడం. విసనకర్ర విసిరికొట్టి వెళ్ళిపోవచ్చు. కారు బయటే ఉంది. వెళ్ళలేదు. పాట పోయినా ఆ స్వరమైనా తనదే కదా అని ఒక బిచ్చగత్తె లోపలినుంచి అంది. ఆ లోపలి మనిషిని సృజన అందరికన్నా ఎక్కువ అసహ్యించుకుంది.

డెనిస్ పాట అయిపోయాక కూడా చివరి చుట్టు ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు. “ఆ కాలంలో ఈ పాటని జనం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవాళ్ళు. అందుకే చివర ఈ చుట్టు పెట్టాడు. ఎవరో ఒకరు ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది,” అన్నాడు.

“ఇప్పుడెవరు అడుగుతారు, డెనిస్? ఆపు,” అన్నాడు రస్సెల్.

మర్నాడు సాయంత్రం టార్నీట్‌లోని ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి హార్మోనియం హోరెత్తుతోంది. అత్తగారు చాముండేశ్వరి బల్ల మీద ఫోను నిలబెట్టుకుని పద్యనాటకం చూస్తోంది. కొడుకు శ్రీకర్ దగ్గరికి బొబ్బిలి నుంచి వచ్చింది ఆవిడ. అక్కడ రైసుమిల్లు ఆవిడ పేరునే ఉంది. ఊళ్ళో నాటకం వేస్తే ముందు వరసలో ఆవిడ కుర్చీ ఆవిడదే. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే తెర లేపడానికి కాంట్రాక్టరు జంకుతాడని శ్రీకర్ నవ్వుతూ చెబుతాడు.

ఫోనులో కిరీటం పెట్టుకున్న నటుడు రాగం తీసి తీసి పద్యం ముగించాడు. “వన్స్‌మోర్!” అని వంటిల్లు దద్దరిల్లేలా అరిచి, వేలితో వెనక్కి జరిపి మళ్ళీ మొదటినుంచి పాడించింది ఆవిడ.

“అత్తయ్యా, పక్కింటివాళ్ళు కంప్లైంట్ చేస్తారు.”

“చెయ్యనీ. వీడు చూడు, మొదటిపాలి బాగానే తప్పించుకున్నాడు. అందుకే జనం రెండోపాలి అడిగారు. అదిగో, అక్కడ ఊపిరి ఎల్లిపోయింది, చూసావా?” ఆవిడకు మహా ఆనందంగా ఉంది. “వన్స్‌మోర్ రెండు రకాలే అమ్మాయ్. బాగా పాడినోడిని మురిసిపోయి అడుగుతాం. దొంగపాట పాడినోడిని బండారం బయటెట్టడానికి అడుగుతాం. పాడేవోడికి ఏదో తెలీదు. పాడాలి, అంతే.”

సృజన వంకాయలు తరుగుతోంది. ఈ మోటు జనం, ఈ అరుపులు. చచ్చిపడిపోయిన పాత్రను కూడా లేపి పద్యం పాడించుకుని మళ్ళీ చావమనే నాటకాలు. ఈవిడ శనివారం హాలుకు వస్తుంది. తెలుగు సంఘంవాళ్ళంతా వస్తారు. ఊహించుకుంటేనే ఆమెకు చెవులు కాలాయి. రస్సెల్ మొహం కనబడింది.

“అత్తయ్యా, మీరు హాల్లో అలా అరవకూడదు. ఇక్కడ పద్ధతి వేరు. చప్పట్లు కొట్టాలి, అంతే.”

“బావుంటే?”

“బావున్నా సరే.”

“మరి బావుందని వాళ్ళకెలా తెలుస్తాది?”

“తెలియక్కర్లేదు. నా పాటకి మాత్రం మీరు అరవకండి. ఒట్టెయ్యండి.”

నా పాట అని నోరు జారాక గానీ సృజనకు గుర్తు రాలేదు, ఆ పాట ఇప్పుడు తనది కాదని. దిద్దుకోలేదు. ఈవిడకు చెప్పడమా? మూడు నెలలుగా ఇదే వంటింట్లో ఆ పాట విని విని, మాటలు అర్థం కాకపోయినా బాణీని కూనిరాగం తీసే మనిషికి, నా పాట ఊడలాక్కున్నారు, నేను తల ఊపి వచ్చాను అని ఎలా చెప్పడం?

చాముండేశ్వరి కోడలి మొహం కేసి కాసేపు చూసింది. “సరే. ఈ అన్నపూర్ణమ్మ సాక్షి. నీ పాటకి నేను నోరెత్తను,” అని కుక్కరు మీద చెయ్యేసి ఒట్టేసింది. తర్వాత ఫోను మళ్ళీ వెనక్కి జరిపి, “నిన్నటినుంచి పాడటం లేదేటి?” అంది.

“గొంతు దాచుకుంటున్నాను,” అంది సృజన.

శుక్రవారం మొదటి ప్రదర్శనకు వెళుతుంటే దారిలో వంశీధర్ ఫోన్ చేశాడు. తెలుగు సంఘం అధ్యక్షుడు. ఎవరు ఎక్కడ రిబ్బను కట్ చేసినా పక్కన కత్తెర పళ్ళెం పట్టుకున్నట్టు ఫోటోలో ఉంటాడు.

“అమ్మా సృజనా, రేపు మ్యాటినీకి మనోళ్ళు సిక్స్టీ దాకా వస్తున్నారు. మన ఊరి పేరు మీద ఇంగ్లీష్ మ్యూజికల్ అంటే మాటలా! చివర్లో స్టేజ్ మీద ఓ టూ మినిట్స్ ఇప్పించు, శాలువా కప్పాలి.”

“ఎవరికి వంశీ అన్నా?”

“హీరోయిన్‌కి. లియాన్‌కి.”

తనకు కప్పుతారేమోనని ఒక్క క్షణం అనుకున్నందుకు సృజన తనను తాను తిట్టుకుంది. పాట సంగతి చెప్పింది. చెప్పడం మొదలుపెట్టగానే అది ఫిర్యాదులా వినబడింది.

“అయ్యో, అట్లానా. లైట్ తీస్కో అమ్మా. వాళ్ళ స్టేజ్, వాళ్ళ ఇష్టం. మనం అందులో ఉండటమే గ్రేట్ కదా. దీపావళి ఈవెంట్‌కి ఆవిడ కంపెనీని అడుగుతున్నా, ఈ టైంలో నువ్వేం ఇష్యూ చెయ్యకు ప్లీజ్. అడ్జస్ట్ అయిపో. నీ పేరు కూడా మైకులో చెప్తాలే.”

ఆ రాత్రి ప్రదర్శన ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. లియాన్ రాయి మీద కూర్చుని పాడింది. రాయి థర్మాకోలుది. చివర ఆమె చేతులు చాచి నోరు తెరిచింది. సృజన నెమలీకల వెనకనుంచి స్వరం అందుకుంది. అది హాలు కప్పుదాకా లేచి నిలబడింది. రోజూ నోళ్ళు చూసే మనిషి కాబట్టి ఆమెకు పక్కనుంచి లియాన్ నోరు స్పష్టంగా కనిపించింది. నాలుక కదలడం లేదు. గొంతు కదలడం లేదు. పళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు, లియాన్ తలవంచింది. ఈకల్లోంచి దుమ్ము ముక్కులోకి పోయి సృజనకు తుమ్ము వచ్చింది. దాసీ తుమ్మకూడదు కాబట్టి ఆపుకుంది.

శనివారం మధ్యాహ్నం గ్రీన్‌రూంలో ఆమె నోటి నిండా పిన్నీసులు. చేతుల కింద ఒకరి తర్వాత ఒకరు కోరస్ ఆడవాళ్ళు. లెగ్గింగుల మీద లంగా బిగించి, కుచ్చిళ్ళు పోసి, బొడ్డు దగ్గర దోపి పిన్ను గుచ్చడం, పైట మడతలు భుజం మీద ఇంకో పిన్నుతో బంధించడం. “ఊపిరాడటం లేదు,” అని ఒకామె, “మీరంతా ఇందులో బాత్రూంకి ఎలా వెళతారు?” అని ఇంకొకామె. సృజన నోట్లో పిన్నీసులు ఉండటం ఎంత మంచిదైందో వాళ్ళకు తెలియదు.

తెర సందులోంచి చూస్తే హాలు సగం తెలుగే. వంశీధర్ ముందు వరసలో శాలువా కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి అంకం అయ్యాక విరామంలో పులిహోర డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. ఇంగువ వాసన స్టేజీ మీదికి వచ్చింది. “ఆహా, బిమ్లిపటం సువాసన,” అన్నాడు రస్సెల్, కళ్ళు మూసుకుని. మూడో వరసలో పట్టుచీర మీద కొడుకు స్వెట్టరు వేసుకుని చాముండేశ్వరి కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు.

రెండో అంకం. డెనిస్ పడవ పాట ఎత్తుకున్నాడు. సృజన విసనకర్ర ఊపుతూ మూడో వరస కేసి చూడకూడదనుకుని చూసింది. అత్తగారు ముందుకు వంగింది. బాణీ గుర్తుపట్టింది. పాడుతున్నది కోడలు కాదని చూసింది. ఆ చూపు లియాన్ మీద కాసేపు నిలిచి, మెల్లగా జరిగి సృజన మీదికి వచ్చింది. సృజన తల దించుకుంది. క్లినిక్‌లో, ఇంట్లో, ఊళ్ళో అందరికీ చెప్పుకున్న గొప్పంతా ఆ చూపు ముందు కారిపోయింది. ఏడుపు వచ్చింది, కానీ స్వరం సమయం కూడా వచ్చింది. ఈకలు అడ్డం పెట్టుకుని పాడింది.

చప్పట్లు పడ్డాయి. వాటి మీదుగా, మిల్లులో బస్తాల లెక్క పిలిచే గొంతు ఒకటి లేచింది.

“వన్స్‌మోర్!”

అత్తగారే. ఒట్టేసి కూడా! అదీ తన పాట దొంగిలించినదానికి! ముందు వరసలోంచి వంశీధర్ వెనక్కి తిరిగి ‘ష్’ అన్నాడు. కానీ పులిహోర తిని కూర్చున్న తెలుగువాళ్ళకు ఆ కేక ఎక్కడో తగిలింది. ఇంకెవరో “వన్స్‌మోర్!” అన్నారు. బాల్యంలో పందిళ్ళ కింద అరిచిన గొంతులన్నీ జాకెట్లు విదుల్చుకుని లేచాయి. ఏ ఎండకా గొడుగు పట్టే వంశీధర్ కూడా లేచి నిలబడి, అందరికన్నా గట్టిగా అరిచాడు.

డెనిస్ కళ్ళజోడు మీదుగా హాలు కేసి చూశాడు. అతని మొహం వెలిగింది. చివరి చుట్టు ఆగకుండా తిరుగుతూనే ఉంది. లియాన్ స్టేజీ పక్క వింగ్ కేసి చూసింది. రస్సెల్ ఆనందం పట్టలేక, కానీ కానీ అని చేత్తో సున్నాలు చుడుతున్నాడు.

లియాన్ మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి చరణంలోనే ఊపిరి తడబడింది. రెండో చరణంలో ఒక మాట మింగేసింది. సృజన మూడో వరస కేసి చూసింది. హాలంతా లియాన్‌ని చూస్తుంటే చాముండేశ్వరి ఒక్కతే చేతులు కట్టుకుని విసనకర్రనే చూస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు. మూడు నెలలు వంటింట్లో విన్న గొంతును ఆవిడ ఈకల వెనక పట్టేసింది. ఇది మురిసిపోయి అడిగిన వన్స్‌మోర్ కాదు. రెండో రకం.

లియాన్ చేతులు చాచింది, నోరు తెరిచింది.

సృజన విసనకర్ర దించింది. దించి, దాన్ని థర్మాకోలు రాయికి ఆనించి, తెరిచిన మొహంతో ఆ స్వరం ఎత్తుకుంది. ఎంతసేపు నిలపాలో అంతసేపూ నిలిపింది. ముందు వరసవాళ్ళు ఒక నోటినుంచి ఇంకో నోటికి చూశారు. ఒకటి పాడుతోంది, ఒకటి ఊరికే తెరుచుకుని ఉంది. లియాన్ నోరు నెమ్మదిగా మూసుకుంది. ఎక్కడో ఒక పిల్ల “మమ్మీ, ఇట్స్ ద అదర్ లేడీ,” అంది. హాల్లో నవ్వు పాకింది. చప్పట్లు ఎవరికి కొట్టాలో తెలియక తలా ఒక వైపు చూస్తూ కొట్టారు. చాముండేశ్వరి నోరెత్తలేదు. వెనక్కి జారగిలబడి స్వెట్టరు సర్దుకుంది.

చివర్లో వంశీధర్ స్టేజీ ఎక్కాడు. శాలువా కొన్నాక ఎవరో ఒకరికి కప్పాలి, ఎవరికని ముందే అనుకున్నారో వాళ్ళకే కప్పాలి. జరిగింది కళ్ళారా చూసినవాడే, “అవర్ బిమ్లిపటం క్వీన్!” అని లియాన్‌కి కప్పి, కెమెరా కేసి తిరిగాడు. సృజన పేరు మైకులో చెబుతానన్నవాడు మర్చిపోయాడు. మర్చిపోలేదేమో కూడా.

గ్రీన్‌రూంలోకి రస్సెల్ మఫ్లరు ఎగిరేలా వచ్చాడు. “క్షమించరానిది. ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి క్రమశిక్షణ లేని పని చూడలేదు. సాయంత్రం పాటలో నీ మొహం మీంచి విసనకర్ర కదిలిందా, ఇక నీకు ఇక్కడ స్థానం లేదు,” అని, సమాధానం వినకుండా వెళ్ళిపోయాడు. కోరస్ ఆడవాళ్ళు పిన్నీసులు తీయించుకోవడానికి వరసలో నిలబడ్డారు. సృజన ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

ఆఖరున లియాన్ వచ్చింది, శాలువా భుజాన వేసుకునే.

“నిజం చెప్పు. మీవాళ్ళు నన్ను మెచ్చుకునే మళ్ళీ పాడమన్నారా?”

అవును అంటే సరిపోయేది. సృజన ఆ బెంచీ మొహాన్ని దగ్గరనుంచి చూసింది. మేకప్ కింద అలసిపోయి ఉంది.

“కాదు. గొంతు ఉందో లేదో తేల్చుకోవడానికి.”

లియాన్ పకపకా నవ్వింది. “అనుకున్నా. ఇల్లు ఒకసారి చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ చూస్తామంటే నాకు అదే భయం. రెండోసారికే గోడల్లో పగుళ్ళు కనిపిస్తాయి.” కుర్చీలో కూలబడి చెప్పులు విడిచింది. “ఆ పాట నాకొద్దని మంగళవారమే చెప్పబోయాను. రస్సెల్ మాట్లాడనిచ్చాడా? తర్వాత నేనూ ఊరుకున్నాననుకో. పొగుడుతుంటే బాగానే ఉంటుంది కదా. సాయంత్రం నువ్వే పాడు. ఆ పాటకి నా గొంతు మిగల్లేదని అతనికి చెబుతా. అది అబద్ధం కూడా కాదు.”

ఇన్నాళ్ళూ సృజనకు కడుపునిండా అసహ్యించుకోవడానికి ఒక మనిషి ఉంది. ఆ సుఖం కూడా పోయింది. “శాలువా ఇలా కాదు,” అని లేచి, మడత సరిచేసి, లియాన్ భుజం మీద పిన్ను గుచ్చింది.

సాయంత్రం హాల్లో పులిహోర వాసన లేదు. అందరూ వెర్రిబీవాళ్ళే, మర్యాదగా దగ్గేవాళ్ళు, మర్యాదగా నవ్వేవాళ్ళు. తెలుగు మొహం ఒక్కటే ఉంది. శ్రీకర్ ఇంటికి తీసుకెళతానన్నా చాముండేశ్వరి కదల్లేదు. “నా కోడలి పాట నేనింకా చూళ్ళేదు,” అని కూర్చుంది.

లైటు సృజన మీద ఒక్కదాని మీదే పడింది. మూడు చరణాలూ ఆమె కోరుకున్నట్టే వచ్చాయి. భీమిలిలో కిటికీ తీసినట్టు, ఆ తెర మీద లేని సముద్రం ఎక్కడో దగ్గరలోనే ఉన్నట్టు అనిపించింది. చివరి స్వరం లేచింది, నిలబడింది. నిలబడి ఉండగానే ఆమె చెవులు చీకట్లోకి వెళ్ళి వెతకడం మొదలుపెట్టాయి. ఇప్పుడు. ఇప్పుడు వస్తుంది. స్వరం వదిలింది.

చప్పట్లు. పద్ధతైన చప్పట్లు. డెనిస్ చివరి చుట్టు ఒకసారి తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు, కళ్ళజోడు మీదుగా హాలు కేసి ఆశగా చూశాడు. ఎవరూ అడగలేదు. ఆపేశాడు.

తిరిగి వస్తుంటే కారు సృజన నడుపుతోంది, పక్క సీట్లో అత్తగారు. వెర్రిబీ దాటాక సృజన ఇక ఉండబట్టలేకపోయింది.

“అత్తయ్యా, అరవలేదేం?”

“నీ పాటకి అరవొద్దని ఒట్టేయించావు కదేటి.”

“మధ్యాహ్నం అరిచారుగా!”

“అది నీ పాట కాదు కదా. ఆవిడ పాట. ఆవిడ పాటకి నాకు ఒట్టేటుంది?”

సృజనకు నవ్వు వచ్చింది, దానితోపాటు కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. మోటుతనం అని తనే వద్దన్న ఆ ఒక్క కేక కోసం అంత పెద్ద హాల్లో తను బిచ్చమెత్తుకుంది. “మరి బావుందా, లేదా? అది చెప్పండి.”

“బావుంది. కొస దగ్గర చెడగొట్టావు.” చాముండేశ్వరి మొహమాటపడే మనిషి కాదు. “అక్కడ ఇంకా ఉండాలి. నువ్వు ఎవరో పిలుస్తారని గుమ్మం కేసి చూసినట్టు చూసి వదిలేసావు. మధ్యాహ్నం అలా లేదు. మధ్యాహ్నం కోపంగా ఉన్నావు, ఎవలి కోసం చూళ్ళేదు.”

అది నిజమని సృజనకు స్టేజీ మీదే తెలుసు. తనకొక్కదానికే తెలుసనుకుంది.

టార్నీట్ మలుపు దగ్గర ఎర్రలైటు పడింది. బస్‌స్టాపు బెంచీ మీద లియాన్ ఖాళీగా నవ్వుతోంది, ఈ వేళకు ఆమె మీద ఎవరూ కూర్చోలేదు. చాముండేశ్వరి కారు అద్దం పైకెక్కించి, స్వెట్టరు గుండీలు పెట్టుకుని, చేతులు కట్టుకుంది.

“ఒట్టు ఆ హాలు వరకే. కానీ. వన్స్‌మోర్.”

ఏ రకం వన్స్‌మోర్ అని సృజన అడగలేదు. ఎదర లైటు కేసి చూస్తూ చివరి చరణం ఎత్తుకుంది. కింద కిందనే నడిపించి, పైకి తీసుకెళ్ళి నిలబెట్టింది. లైటు పచ్చగా మారింది. ఆమె వదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.

“ఉండవయ్యా,” అంది చాముండేశ్వరి, వెనక్కి తిరక్కుండానే. “ఇంకా కొస ఉంది.”